మా అపార్ట్‌మెంట్ చెత్త డైరీ: 22 ఇళ్ళు, నాలుగు డ్రమ్ములు, రెండు తొట్లు

జూన్ 9, 2024, ఆదివారం

అపార్ట్‌మెంట్‌లో చెత్త వేరు చేసే ఈ పని మొదలవడానికి కారణం మొన్న గురువారం. విశాఖలో సీతమ్మధార దగ్గర మా వీధికి చెత్త బండి పొద్దున్న ఏడు దాటాక వస్తుంది. విజిల్ వినపడగానే వాచ్‌మన్ భార్య సెల్లారులోంచి రెండు పెద్ద డబ్బాలు బయటికి లాగుతుంది. బండి మీద వచ్చే ఆవిడ అందులోని కవర్లు ఒక్కొక్కటే తీసి బండిలో వేస్తుంది. కవరును ఎప్పుడూ పై ముడి దగ్గరే పట్టుకుని, ఒంటికి దూరంగా పెట్టి ఎత్తుతుంది. రోజూ చూస్తూనే ఉన్నాను. ఎందుకలా ఎత్తుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

గురువారం ఒక కవరు ముడి ఊడింది. పడిపోతుందని చప్పున అడుగున చెయ్యి పెట్టింది. లోపల పగిలిన గాజు గ్లాసు. గ్లవ్ చీల్చుకుని బొటనవేలి కింద దిగింది. నెత్తురు మెట్ల మీద బొట్లు బొట్లుగా పడింది. కుళాయి కింద చెయ్యి కడిగి, గుడ్డ కట్టి, టీటీ ఇంజెక్షన్‌కి ఆటోలో పంపించాం. శుక్రవారం కట్టుతో మళ్ళీ బండి మీదే వచ్చింది. "మాకిది అలవాటే టీచరమ్మా" అంది.

ఆ కవరు ఎవరిదో తెలియదు. మా ఇంట్లో కూడా ఆ వారం ఒక గ్లాసు పగిలింది. పేపర్లో చుట్టానో లేదో నాకు గుర్తు లేదు. రెండు రోజులుగా మనసులో ఇదే.

అందుకని ఇవాళ చేసిన మొదటి పని: ఖాళీ పెయింటు బకెట్టు ఒకటి కడిగి, మూతకి చిల్లు పెట్టి, సెల్లారులో గోడకి కట్టాను. దాని మీద "పగిలేవి, గుచ్చుకునేవి" అని రాశాను. గాజు ముక్కలు, బ్లేడ్లు, షుగర్ ఉన్నవాళ్ళ ఇన్సులిన్ సూదులు, తుప్పు పట్టిన మేకులు అందులోకి. సూదులు మాత్రం ముందు ఒక గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాకే వెయ్యమని వాట్సాప్‌లో పెట్టాను.

రెండో పని తూకం. వేలాడదీసే డిజిటల్ కాటా ఒకటి కొన్నాను. వాచ్‌మన్, ఆయన భార్య, నేను కలిసి ఒక రోజు చెత్తంతా టార్పాలిన్ మీద పోసి విడదీశాం. 24 ఫ్లాట్లలో 22 నిండి ఉన్నాయి. మొత్తం 31 కిలోలు. తడి చెత్త 18.5, పొడి చెత్త 8, డైపర్లు ప్యాడ్లు 3, ఊడ్చిన దుమ్ము, మిగతావి 1.5. మామిడి పళ్ళ కాలం కాబట్టి తడి ఎక్కువ ఉండొచ్చు. టెంకలే ఒక బకెట్టు ఉన్నాయి.

విడదీస్తున్నప్పుడు వాసన కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. మంచి అట్టపెట్టె, శుభ్రమైన నీళ్ళ సీసా, వార్తాపత్రిక, అన్నీ సాంబారులో నానిపోయి ఉన్నాయి. పొద్దున్న వంటింట్లో విడివిడిగా ఉన్న వస్తువుల్ని ఒకే కవర్లో పెట్టి మనమే పాడు చేస్తున్నాం.

జూన్ 16

మేడ మీద మీటింగ్. 14 ఇళ్ళవాళ్ళు వచ్చారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైనవాటికి ఎరుపు డబ్బాలు ఇళ్ళలో ఉన్నాయా అని అడిగాను. 2021లో మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో ఇచ్చినవి. చాలా ఇళ్ళలో అవి ఉల్లిపాయలకీ బట్టలు నానబెట్టడానికీ వాడుతున్నారు.

నిబంధనల సంగతి చెప్పాను. 2024లో అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ప్రతి ఇల్లూ చెత్తని తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా వేరు చేసి ఇవ్వాలి. రోజుకి సగటున 100 కిలోలు దాటే పెద్ద సముదాయాలు తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలి. మాది 31 కిలోలే కాబట్టి ఎరువు చెయ్యడం తప్పనిసరి కాదు. కానీ వేరు చెయ్యడం అందరికీ తప్పనిసరే.

రెండో అంతస్తు మామయ్యగారు ఒక్క ప్రశ్న వేశారు. "అమ్మా, మేం వేరు చేసి ఇస్తాం సరే. బండిలో అంతా కలిపేస్తారుగా?" అందరూ తలలూపారు. నా దగ్గర జవాబు లేదు.

జూన్ 17

బక్రీద్ సెలవు. జవాబు వెతుక్కుంటూ స్కూటీ మీద బండి వెనకాలే వెళ్ళాను. "ఏటి టీచరమ్మా, ఎనకాలే వస్తన్నారు?" అని బండి ఆవిడ నవ్వింది. చూద్దామని వస్తున్నానమ్మా అన్నాను.

బండి మధ్యలో రేకు అడ్డం ఉంది. ఒక అర తడికి, ఒక అర పొడికి. పక్కన మూడు గోనె సంచులు వేలాడుతున్నాయి. ఒకదానిలో నీళ్ళ సీసాలు, ఒకదానిలో అట్టలు, మూడోదానిలో పాల ప్యాకెట్లు, ఇనప ముక్కలు. తరవాత అమ్ముకునేవి. నేను వెనక ఉన్నంతసేపూ 63 ఇళ్ళు లెక్కపెట్టాను. తొమ్మిది ఇళ్ళు వేరు చేసి ఇచ్చాయి. ఆ తొమ్మిదింటివీ సరిగ్గా వాటి వాటి అరల్లోనే పడ్డాయి. మిగతా 54 ఇళ్ళూ ఒకే కవరు ఇచ్చాయి. ఆ కవరు ఏ అరలో వెయ్యాలి? ఏ అరలో వేసినా ఆ అర పాడవుతుంది. నాలుగో వీధికి వచ్చేసరికి రెండు అరలూ ఒకేలా కనిపిస్తున్నాయి.

కలిపేది ఎవరో ఇప్పుడు నాకు తెలిసింది. ఫోటోలు తీసుకుని గ్రూపులో పెట్టాను. మామయ్యగారు "చూశానమ్మా" అని మాత్రం రాశారు. సాయంత్రం వాళ్ళింటి గుమ్మం ముందు ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పక్కపక్కనే ఉన్నాయి.

ఇంకో మాట కూడా రాసుకోవాలి. మన నగరం చెత్త చేరేది కాపులుప్పాడకి. అక్కడ చెత్తతో కరెంటు తయారు చేసే 15 మెగావాట్ల ప్లాంటు ఉంది. కాల్చడానికి పొడిగా ఉన్న సరుకు కావాలి. అందులో పులుసూ అన్నమూ అరటి తొక్కలూ కలిస్తే, వచ్చే వేడిలో చాలా భాగం ఆ నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది. కాల్చకుండా గుట్టగా పోస్తే లోపల గాలి తగలక కుళ్ళి మీథేన్ వస్తుంది. వందేళ్ళ లెక్కన వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు. ఎటు చూసినా తడి చెత్త మన గేటు దాటకపోవడమే మేలు.

జూన్ 23

తడి చెత్తని ఇక్కడే ఎరువు చెయ్యడానికి ఎనిమిది ఇళ్ళు ముందుకొచ్చాయి. చాలు, వీళ్ళతోనే మొదలు.

పాత డ్రమ్ముల షాపులో 200 లీటర్ల నీలం డ్రమ్ములు నాలుగు, ఒక్కోటి 900. కొనేముందు మూత తీసి వాసన చూడాలి. మొదట చూపించిన వాటిలో ఏదో రసాయనం ఘాటు ఉంది, వద్దన్నాం. నిమ్మకాయ ఊరగాయ పోసినవి దొరికాయి. ప్లంబర్ డ్రిల్లుతో చుట్టూ జానెడుకొక చిల్లు పెట్టాడు. చిల్లులకి లోపలివైపు దోమల జాలీ అంటించాం. అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు కంకర, దాని మీద కొబ్బరి పీచు.

పొర వేసే పద్ధతి: ఒక వంతు తడి చెత్త, ఒక వంతు ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు. కొబ్బరి పొట్టు ఇటుక ఐదు కిలోలది నీళ్ళలో నానబెడితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది. మేం మరీ తడపకుండా సగం పొడిగానే వాడుతున్నాం, చెత్తలో నీళ్ళు ఎలాగూ ఉంటాయి. అరుగుదల తొందరగా మొదలవడానికి పుల్ల మజ్జిగలో బెల్లం కలిపి మూడు రోజులు ఉంచి ఆ నీళ్ళు చల్లాం. ఆవు పేడ రెండు బకెట్లు పాలాయన తెచ్చిచ్చాడు.

ఎనిమిది ఇళ్ళ తడి చెత్త: 6.2 కిలోలు.

జూన్ 30

డైపర్లు, ప్యాడ్ల సంగతి మీటింగ్‌లో మాట్లాడటానికి అందరికీ మొహమాటం. ఆడవాళ్ళ గ్రూపులో విడిగా రాశాను. పేపర్లో చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద చుక్క పెట్టాలి. చుక్క ఉన్న పొట్లం ఎవరూ విప్పరు, ఎర్ర డబ్బాలోకి నేరుగా పోతుంది. నిజానికి వీటిని చుట్టడానికి ఒక సంచిని ప్యాడ్లు, డైపర్లు తయారు చేసే కంపెనీలే ప్యాకెట్‌తో పాటు ఇవ్వాలని 2016 నిబంధనల్లోనే ఉంది. మేం కొన్న ప్యాకెట్లలో కొన్నిటికే ఆ సంచి ఉంది.

జూలై 14

ఒకటో డ్రమ్ము 7వ తేదీకి నిండింది. రెండోది మొదలుపెట్టిన నాలుగో రోజుకే పాడైంది.

గురువారం రాత్రి సెల్లారులోకి దిగితే కుళ్ళిన గుడ్ల వాసన. స్కూటర్లు తీసేవాళ్ళు ముక్కు మూసుకుని వెళ్తున్నారు. గ్రూపులో 40 మెసేజ్‌లు. టార్చి వేసి మూత తీస్తే తెల్లటి పురుగులు గోడల వెంట పైకి పాకుతున్నాయి. నిజం చెప్పాలంటే ఆ రాత్రి చాలా టెన్షన్ పడ్డాను. ఆపెయ్యమని ముగ్గురు ఫోన్ చేశారు.

శుక్రవారం స్కూలు నుంచి రాగానే డ్రమ్ము మొత్తం టార్పాలిన్ మీద బోర్లించాను. అడుగున ఒక గిన్నెడు పప్పుచారు, నానిన అన్నం, కంకర సందుల్లో నిలిచిన నల్లటి నీళ్ళు. పాలిథీన్ కవరుతో సహా వేసిన రొయ్యల పొట్టు. గాలి ఆడకపోతే వచ్చే వాసనే అది. వాసనకి మందు గాలి, ఎండు సరుకు. అగరుబత్తులు కాదు.

చేసినవి: డ్రమ్ము అడుగున కుళాయి బిగించాం, నల్ల నీళ్ళు రోజూ బకెట్టులోకి తీస్తాం. ఒక వంతు నీళ్ళకి పది వంతులు మంచినీళ్ళు కలిపి క్రోటన్ల మొదట్లో పోస్తున్నాం. ప్రతి ఇంటికీ సింకులో పెట్టే స్టీలు జల్లెడ ఒకటి కొనిచ్చాం. పప్పుచారు, పులుసు అందులో వంచి, గట్టిదే డబ్బాలో వెయ్యాలి. చేపల పొట్టు, రొయ్యల పొట్టు ఆదివారాలు తప్పదు కాబట్టి వాటికి రంపపు పొట్టు రెండింతలు వేసి, మధ్యలో గుంట చేసి కప్పెడతాం. టింబర్ డిపోవాళ్ళు గోనెడు పొట్టు 30 రూపాయలకి ఇచ్చారు.

పురుగుల సంగతి మా తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి చూశాం. మామూలు ఇంటి ఈగల పురుగులు కావు. లావుగా, చదునుగా, గోధుమ రంగుకి తిరుగుతున్నవి. నల్ల సైనిక ఈగ పురుగులు. పెద్ద ఈగలయ్యాక మన అన్నం మీద వాలి తినే రకం కాదు. చెత్తని తొందరగా అరగదీస్తాయి. కానీ చూసేవాళ్ళకి భయం కాబట్టి, పైన ఎప్పుడూ నాలుగు వేళ్ళ మందం ఎండుటాకు ఉండాలని నియమం పెట్టాం.

మామిడి టెంకలు వేరే గోనెలో వేస్తున్నాం. అవి డ్రమ్ములో ఏడాదైనా అలాగే ఉంటాయి.

జూలై 21

వాసన లేదు. రెండో డ్రమ్ము లోపల 58 డిగ్రీలు. చెత్త బాగా అరుగుతోందనడానికి ఆ వేడే గుర్తు.

ఆగస్టు 4

ఇవాళ నా తప్పు ఒకటి రాయాలి. నెల రోజులుగా పొడి చెత్త అసోసియేషన్ తరఫున పోగు చేసి స్క్రాప్ షాపుకి వేశాం. పేపరు కిలో 12, అట్టలు 7, సీసాలు, పాల ప్యాకెట్లు, రేకు డబ్బాలు కలిపి మొత్తం 1,460 వచ్చింది. గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. నాకూ సంతోషంగానే ఉంది.

నిన్న పొద్దున్న బండి దగ్గర నిలబడితే, పక్కన వేలాడే గోనె సంచులు మా గేటు దగ్గర ఖాళీగా కనిపించాయి. అడిగితే ఆవిడ ఏమీ అనలేదు. వాచ్‌మన్ భార్య తరవాత చెప్పింది. ఆ సీసాలూ అట్టలే వాళ్ళకి రోజూ టీ ఖర్చు, పిల్లల పుస్తకాల ఖర్చు. మా అపార్ట్‌మెంట్ నుంచి వచ్చేదాన్ని బండి ఆవిడా, వాచ్‌మన్ భార్యా పంచుకునేవారట. మేం "చెత్తతో ఆదాయం" అని సంబరపడిన 1,460 రూపాయలు వీళ్ళ సంచుల్లోంచి తీసినవి.

అసోసియేషన్ మీటింగ్ పిలిచే ఓపిక లేక, పెద్దవాళ్ళ నలుగురికీ ఫోన్ చేసి అడిగాను. ఒక్కరూ కాదనలేదు. డబ్బు ఇద్దరికీ చెరిసగం ఇచ్చేశాం. ఇకమీదట పొడి చెత్త శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, రకాలవారీగా వాళ్ళకే. పుణేలో చెత్త ఏరేవాళ్ళే సభ్యులుగా స్వచ్ఛ్ అనే సహకార సంఘం ఇంటింటి సేకరణ చేస్తోంది. అమ్మిన సరుకు డబ్బు వాళ్ళదే. ఆ సంగతి చదివి కూడా నేను ఇలా చేశాను.

మిగిలేది చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషెలు. లోపల వెండిలా మెరిసే పొర ఉన్న వీటిని స్క్రాప్ షాపు తీసుకోదు. ప్లాస్టిక్, రేకు కలిపి అతికించినవి, విడదీయడం కుదరదు. వీటిని పొడిగా ఉంచి బండికి ఇస్తున్నాం. రీసైకిల్ కాని చెత్తలో కిలోకి 1,500 కిలోకేలరీలు, ఆపైన వేడి ఇచ్చేదాన్ని డంపింగ్‌కి పంపకూడదు, ఇంధనంగా వాడాలని 2016 నిబంధనల్లో ఉంది. ఎండిన చిప్స్ ప్యాకెట్లకి ఆ దారైనా ఉంది.

ఆగస్టు 11

ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి "24 గంటల్లో ఎరువు" మెషిన్ చూపించాడు. లోపల హీటరు, తిప్పే బ్లేడు. అది చెత్తని ఎండబెట్టి పొడి చేస్తుంది. ఆయన ఇచ్చిన నమూనాని తడిపి రాత్రంతా మూత పెట్టి ఉంచాం. పొద్దున్నకి పులిసిన వాసన. సూక్ష్మజీవుల పని ఒక్క రోజులో అవ్వదు. వద్దని చెప్పేశాం.

ఆగస్టు 25

ఒకటో డ్రమ్ము తెరిచాం!

ముదురు గోధుమ రంగు. మొదటి వాన పడ్డ మట్టి వాసన. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే వేళ్ళ మధ్య నీళ్ళు రాలేదు, చెయ్యి తెరిస్తే ముద్ద నిలబడింది, వేలితో తాకితే విరిగిపోయింది. అదీ పాకం. ఇసుక జల్లెడతో జల్లించాం. గుడ్డు పెంకులు, కొబ్బరి చిప్ప ముక్కలు, ఒక చెంచా, ఒక పిన్నీసు పైన మిగిలాయి. చెంచా ఎవరిదో ఇంకా తేలలేదు.

సుమారు 85 కిలోల తడి చెత్త వేస్తే జల్లించాక 22 కిలోలు వచ్చింది. ఎనిమిది ఇళ్ళకి రెండేసి కిలోలు, మిగతాది మేడ మీద కుండీలకి. పిల్లలు దోసిళ్ళతో ఎత్తుకుని వాసన చూస్తుంటే వాళ్ళ అమ్మలు వద్దనలేదు. అది చూశాక నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

సాయంత్రానికి మరో తొమ్మిది ఇళ్ళు చేరాయి. మొత్తం 17.

సెప్టెంబరు 8

నిన్న వినాయక చవితి. పత్రి, పూలు, అరటాకులు, మామిడాకులు, ఒకే రోజు 29 కిలోలు. బయట ఆగని వాన. 17 ఇళ్ళకి మామూలు రోజే 13 కిలోలు వస్తోంది, నాలుగు డ్రమ్ములూ నిండిపోయాయి. పత్రి గోనెల్లో కుక్కి మెట్ల కింద పెట్టాం.

నేను వేసిన లెక్క తప్పు. డ్రమ్ము ఎంతలో నిండుతుందో చూశాను గానీ, నిండాక 45 రోజులు దాన్ని ముట్టుకోకూడదన్నది లెక్కలో సరిగ్గా పెట్టలేదు. ఈ రేటుకి ఎనిమిది తొమ్మిది డ్రమ్ములు కావాలి. సెల్లారులో అంత చోటు లేదు.

సెప్టెంబరు 15

కేరళ పద్ధతి ఎంచుకున్నాం. అలప్పుళలో 2012లో డంపింగ్ యార్డు ఊరివాళ్ళు లారీలని ఆపేశారు. నగరం చెత్త నగరంలోనే తేల్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు వీధి చివర గాలి తొట్లు పెట్టుకున్నారు. ఆ తొట్టి తుంబూర్‌ముళి అనే చోట తయారైన నమూనా. నాలుగు అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు. గోడల్లో గాలి సందులు. పేడ, ఎండుటాకులు, చెత్త పొరలుగా వేసుకుంటూ పోవడమే, మధ్యలో తిప్పే పని లేదు. నిండాక మూడు నెలలు వదిలెయ్యాలి.

మా వెనక గోడ వారగా రెండు తొట్లు ఇటుకలతో కట్టించాం. తాపీమేస్త్రీకి సందులు వదలమంటే మొదట ఒప్పుకోలేదు, "గోడ నిలవదమ్మా" అన్నాడు. ప్రతి వరసలో ఇటుకకీ ఇటుకకీ మధ్య రెండు వేళ్ళు వదిలి, మూలలు గట్టిగా కట్టాక ఆయనకే నచ్చింది. లోపలివైపు కోళ్ళ జాలీ, పైన రేకు కప్పు. ఇటుకలు, సిమెంటు, కూలి కలిపి 14,200. ఇంటికి 650 వేసుకున్నాం.

ఒక్కో తొట్టి 1,800 లీటర్లు పడుతుంది. చెత్త కుంగిపోవడం కలుపుకుంటే నిండడానికి దాదాపు 70 రోజులు. ఒకటి నిండుతుంటే రెండోది ఆరుతుంది, చాలని రోజులకి డ్రమ్ములున్నాయి. ఈసారి లెక్క పాలాయనతో, మామయ్యగారితో కూర్చుని మూడుసార్లు చేశాం.

అక్టోబరు 13

దసరా పూలదండలు. దారాలు, తగరం కాగితాలు తీశాకే తొట్టిలో వెయ్యాలి. రెండో అంతస్తు పిన్నిగారు కత్తెర పట్టుకుని తొట్టి దగ్గరే కూర్చున్నారు.

అక్టోబరు 27

తొట్టి మధ్యలో 62 డిగ్రీలు. ఇంకా అంతా ఒకే కవర్లో కలిపి ఇస్తున్న ఐదు ఇళ్ళ గుమ్మాల్లోకి వెళ్ళి మాట్లాడాను. ఒక ఇంట్లో మంచాన పడ్డ పెద్దావిడ, ఆవిణ్ణి చూసుకునే అమ్మాయి ఒక్కతే. ఆ అమ్మాయికి ఇంకో పని చెప్పలేను. వాళ్ళ కవరు వాచ్‌మన్ భార్య వేరు చేస్తానంది, అసోసియేషన్ నెలకి ఇంత అని ఇస్తుంది. మరో ఇంట్లో ముగ్గురు కుర్రాళ్ళు రాత్రి డ్యూటీలు, వంట లేదు. వాళ్ళకి తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో ఒక కాగితం అంటించి వచ్చాను. మిగతా మూడు ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాలి.

డిసెంబరు 1, ఆదివారం

మొదటి తొట్టి నవంబరు 24న నిండింది. పైన పేడ పొర వేసి, మూత పెట్టి తేదీ రాశాం. ఫిబ్రవరి చివర్లో తెరుస్తాం. రెండోది మొదలైంది. 20 ఇళ్ళు వేరు చేసి ఇస్తున్నాయి. ఇవాళ బండికి వెళ్ళింది తూచాను. 31 కిలోలు పోయిన చోట 12.5. అందులో తడి చెత్త కిలోన్నర.

గాజు బకెట్టు ఇప్పటికి రెండుసార్లు నిండింది.

ఆవిడ బొటనవేలి కింద మచ్చ మిగిలింది. చలిగాలికి లాగుతుందట. ఎరువు అరగోనె ఇస్తే ఇంటి దగ్గర బంతి మొక్కలకి వేసింది, పూలు చూపించడానికి ఫోన్ తీసింది. తరవాత పొడి చెత్త సంచి మామూలుగా ముడి దగ్గర పట్టుకోలేదు. అడుగున అరచెయ్యి పెట్టి, ఒంటికి ఆనించుకుని ఎత్తింది.

రేపు పోలి పాడ్యమి. అరటి దొప్పలు చాలా వస్తాయి. బెత్తెడు ముక్కలుగా నరికితే గానీ తొట్టిలో తొందరగా అరగవు. రెండు కత్తులకి సాన పట్టించాలి. ఎండుటాకుల గోనెలు మూడే ఉన్నాయి, పక్క వీధి పార్కు తోటమాలిని అడగాలి.